మీటరు ఎరగని నీళ్ళు

కిందటి వారం ఇనాగకి ఇంటి కప్పులోంచి ఒక నీటిచుక్క కిందికి జారబోతుండగా మనం కథ ఆపేశాం. వారం పాటు గాల్లో వేలాడింది పాపం. ఇక దాన్ని పడనిద్దాం.

పడింది. పని బల్ల మీదో నేల మీదో పడి ఉంటే ఈ వారం మనకు చెప్పుకోడానికి ఏమీ మిగిలేది కాదు. అది వెళ్ళి వెళ్ళి గోడకు ఆనించి ఉన్న ఆరబెట్టే చెక్కపలక అంచు మీద పడింది. ఆ పలక మీద ఉన్నది ఊళ్ళో సాకే అనే బియ్యపు సారా కాచే పెద్దింటివాళ్ళ చేపల చిత్రం. ముత్తాతల నాటిది. పాత కాగితం ఊడదీసి, వెనక కొత్త కాగితం అతికి, పోయిన పెద్దలను తలుచుకునే ఓబోన్ పండగకు వాళ్ళ ముందుగదిలో వేలాడేలా చుట్ట కట్టి ఇవ్వాలి ఇనాగకి. ఆయన తాత చేసిన పనీ అదే, తండ్రి చేసిన పనీ అదే. చిత్రం అంచున కాగితం మీద చుక్క మెల్లగా పాకుతుంటే ఇనాగకి పెట్టిన కేక వీధి చివర టోఫూ కొట్టుదాకా వినిపించింది.

ఆ కేక ఎవరికోసమో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. కనజవా ఊళ్ళో ఇనాగకికి రెండంతస్తుల ఇల్లుంది. కింద ఆయన కార్ఖానా, కాపురం. భార్య పోయాక ఒక్కడే ఉంటాడు. పైన అద్దెకున్నది మినోబె వాళ్ళు. అంటే అత్తగారు మిసావో, కోడలు నగిసా. కొడుకు తకుయాను కంపెనీవాళ్ళు సప్పోరోకు బదిలీ చేశారు. మొగుడక్కడ, పెళ్ళామిక్కడ. ఈ దేశంలో అదేమంత వింత కాదు. వింతేమిటంటే ఆ అత్తాకోడళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం.

చెర్రీపూలు రాలే రోజుల్లో నగిసా ఒక పొరపాటు చేసింది. వాషింగ్ మెషీన్ గొట్టం కుళాయికి సరిగ్గా బిగించకుండా పనికి వెళ్ళిపోయింది. నీళ్ళు కిందికి దిగి ఇనాగకి దాచుకున్న కాగితాల దొంతర తడిసి ముద్దయింది. అప్పుడాయన ఒకటే మాటన్నాడు. "ఇంకొక్క చుక్క రాలిందంటే వానలు తగ్గగానే ఖాళీ చెయ్యాలి." నగిసా ఊరుకోలేదు. నీళ్ళు కారితే పసిగట్టే పరికరాలు రెండు తెచ్చి పెట్టించింది. మొదటిది మీటరు పక్కన పైపును పట్టుకుని ఉంటుంది. నీళ్ళు మామూలుకు మించి పారితే ఆమె ఫోన్ మోగిస్తుంది. రెండోది కమలాపండంత గుండ్రటి బిళ్ళ. స్నానాల గది బయట, మెషీన్ పక్కన నేల మీద కూర్చుంటుంది. కింద తడి తగిలితే చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. పెట్టించడమే కాదు, ఇనాగకి ముందు నిలబడి పందెం కాసింది కూడా. "ఇక చుక్క కారితే ఇవి అరుస్తాయి. అరవకుండా నీళ్ళు కిందికి దిగితే మీరు చెప్పక్కర్లేదు, మేమే సామాను సర్దుకుంటాం."

ఖాళీ చెయ్యడమంటే ఇంకో ఇల్లు చూసుకోవడం కాదు. తకుయా అప్పటికే తేల్చేశాడు. ఈ ఇల్లు పోతే అమ్మ ఒసాకాలో అక్క దగ్గరికి, నగిసా సప్పోరోలో తన దగ్గరికి. సాయంత్రం టీవీ ముందు కూర్చుని ఒకే గిన్నెలోంచి ఉప్పు చిక్కుళ్ళు ఒలుచుకు తినే ఆ అత్తాకోడళ్ళు చెరో దిక్కుకు పోవాలి.

ఇప్పుడు చుక్క రాలింది. పరికరాలు రెండూ కిక్కురుమనలేదు.

---

"ఏం కోడలమ్మా, నిద్రపోతున్నాయా నీ కాపలా కుక్కలు?" అన్నాడు ఇనాగకి. చిత్రాన్ని అప్పటికే ఇంకో గోడకు మార్చాడు. చేపలకేం కాలేదు, అంచు కాగితం మాత్రం తడిసింది. అది మార్చుకోవచ్చు. ఆయన కోపం మాత్రం ఎవరూ మార్చలేరు.

కబురు అందగానే నగిసా పని వదిలేసి నేరుగా కార్ఖానాకు వచ్చింది. ఫోన్ తీసి చూసింది. ఆకుపచ్చ దీపం. మళ్ళీ చూసింది. అదే ఆకుపచ్చ. పరికరాలు బిగించిన హిరామత్సును పిలిపించారు. ముప్పయ్యేళ్ళ కుర్రాడు. మెడలో తువ్వాలు, చేతిలో పొడుగాటి ఇనప కడ్డీ. ఆ కడ్డీ ఒక కొస పైపుకు, ఇంకో కొస చెవికి ఆనించి లోపల నీటి చప్పుడు వింటాడు. గోడ పొడుగునా విన్నాడు. కప్పు దగ్గర విన్నాడు. చెవి రుద్దుకుని మళ్ళీ విన్నాడు.

"పైపులన్నీ నిక్షేపంగా ఉన్నాయండీ," అన్నాడు. "ఎక్కడా కారడం లేదు. పైగా పొద్దున లేచి మొహాలు కడుక్కున్న నీళ్ళు తప్ప ఇవాళ పై ఇంట్లోకి నీళ్ళే రాలేదు. మీటరు అదే చెబుతోంది."

"అయితే ఈ చుక్క ఎవరిది? మా తాతదా?"

"అంటే... వాన నీళ్ళేమో."

"పైకప్పు మీద పడ్డ వాన, పై ఇంట్లో ఎవర్నీ తడపకుండా, నేల చీల్చుకుని నా చేపల మీదే పడిందా? ఆ వానకి నేనేం అపకారం చేశాను?"

హిరామత్సు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ఇనాగకి నగిసా వైపు తిరిగాడు. ఈసారి గొంతు తగ్గించాడు. అరుస్తున్నప్పటికంటే అది ఎక్కువ భయపెట్టింది ఆమెను.

"దాన్ని ఆపేశావా, కోడలమ్మా? నిజం చెప్పు. మోగితే నాకు వినిపిస్తుందని మీట నొక్కేశావా?"

"లేదు, ఇనాగకి సాన్. ఒట్టు," అంది నగిసా. మన గారు లాంటి ఆ సాన్‌ను అంత భయంలోనూ మరవలేదు.

"పందెం నువ్వే కాశావు. నేనేం అడగలేదు."

అది నిజమే. ఇంకొకరైతే ఈపాటికి ఏడుపు అందుకునేవాళ్ళు. నగిసాకు చిన్నప్పటినుంచీ ఒక జబ్బుంది. ఏదైనా అర్థం కాకపోతే ఏడవడం కూడా మరిచిపోతుంది. నీళ్ళేమో పైనుంచే వచ్చాయి. పైకేమో రాలేదు. మరి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? సామాను సర్దుకోవాల్సి వస్తే సర్దుకుందాం గానీ, ఈ సంగతి తేలకుండా తను సప్పోరో వెళ్తే అక్కడ మంచులో కూర్చుని కూడా ఇదే ఆలోచిస్తుంది.

పీట లాక్కుని ఎక్కింది. కప్పు చెక్కల సందున తడి ఇంకా నిగనిగలాడుతోంది. వేలితో తుడిచింది. కిటికీ వెలుతురులోకి వేలు తిప్పి చూసింది. హిరామత్సు తన సంచీలోంచి చిన్న సీసా తీస్తున్నాడు.

"రంగు నీళ్ళు కలుపుతానండీ," అంటున్నాడు ఇనాగకితో. "పైన ఒక్కో మూలా పోసుకుంటూ వస్తాం. ఏ మూల పోసినప్పుడు కింద రంగు దిగుతుందో, కంత అక్కడున్నట్టు."

"అక్కర్లేదు," అంది నగిసా పీట మీదనుంచే. "రంగు ముందే ఉంది."

మగవాళ్ళిద్దరూ తలెత్తారు. ఆమె వేలు చాపింది. వేలి కొసన లేత పసుపు, కాస్త పచ్చదనం కలిసిన పసుపు. ముక్కు దగ్గర పెట్టుకుంది. నిమ్మలాంటి యుజు పండు తొక్క గిల్లినప్పుడు వచ్చే వాసన.

ఆ వాసన ఆమెకు కొత్త కాదు. నిన్న సాయంత్రం మెడదాకా ఆ వాసనలోనే మునిగి కూర్చుంది. మిసావో చవగ్గా వస్తోందని సంచీడు కొనుక్కొచ్చిన, తొట్టె నీళ్ళలో కలిపే స్నానాల పొడి అది.

---

పైన మిసావో వాళ్ళకోసం టీ కాచి ఉంచింది. ఇల్లు తగలబడుతున్నా అతిథికి టీ ఇవ్వకుండా పంపే మనిషి కాదు కాబట్టి నగిసా దాన్ని పట్టించుకోలేదు. కానీ టీ గది మధ్యలో ఆవిర్లు కక్కుతుంటే మిసావో మాత్రం స్నానాల గది బయట, మెషీన్‌కు వీపు ఆనించి నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి, పొద్దున పార్కులో రేడియో పెట్టి అందరూ కలిసి చేసే కసరత్తుకు వెళ్ళొచ్చి ఇంకా ఆ బట్టలు కూడా మార్చుకోలేదు. ఇనాగకి గుమ్మంలో చెప్పులు వదిలి లోపలికొచ్చాడు. ఇందాకటినుంచీ ఇల్లెగిరిపోయేలా అరిచిన మనిషి, మిసావోను చూడగానే తల వంచి గొంతు సవరించుకున్నాడు.

"పొద్దున్నే ఇబ్బంది పెట్టాం, మినోబె సాన్."

"మేమే కదా మిమ్మల్ని ఇబ్బంది పెట్టింది," అంది మిసావో. ఆమె కూడా తల వంచింది కానీ మెషీన్ దగ్గర్నుంచి అంగుళం జరగలేదు.

నగిసా స్నానాల గదిలోకి వెళ్ళి తొట్టె మీద పరిచిన చాపలాంటి మూతను చుట్టి తీసింది. తొట్టె ఖాళీగా ఉంది. అడుగున ఒకటి రెండు గుక్కల పసుపు నీళ్ళు మాత్రం మిగిలాయి. రాత్రి ఆఖరున స్నానం చేసింది తనే. బయటికి వస్తూ నిండు తొట్టె మీద మూత వేసింది. ఒళ్ళంతా బయట తోముకున్నాకే తొట్టెలో దిగుతారు కాబట్టి ఇంట్లో అందరూ మునిగినా నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి.

"అమ్మా," అని పిలిచింది. అత్తగారిని అమ్మా అనే పిలవడం ఇక్కడి అలవాటు. నగిసా దాన్ని అలవాటు కోసం పిలవదు. "తొట్టెలో నీళ్ళు వదిలేశారా?"

"ఆఁ. వదిలేశా."

"ఊరికే?"

"నీళ్ళు ఊరికే వదలక, బాజాలు పెట్టి వదులుతారా?"

హిరామత్సుకు నవ్వొచ్చింది. నగిసాకు రాలేదు. ఎందుకంటే ఆమెకు మిసావో తెలుసు. బియ్యం కడిగిన నీళ్ళు పూలకుండీలకు, పూలకుండీల కింద కారిన నీళ్ళు మెట్లకు. అలాంటి మనిషి నిండు తొట్టెను ఏ పనికీ వాడకుండా కాలవలోకి వదిలేసిందంటే సూర్యుడు పడమట పొడిచినట్టే. పైగా కాలవ కంతకు పెట్టే రబ్బరు మూత ఎక్కడిది అక్కడే బిగించి ఉంది. మీద పల్చగా పేరుకున్న పొడి కూడా చెదరలేదు. తీసి పెట్టినట్టు లేదు.

తొట్టెడు నీళ్ళు మూత తియ్యకుండా బయటికి నడిచివెళ్ళాయి. ఎటు వెళ్ళాయి?

నగిసా బయటి నేల మీద కూర్చుంది. నేల తడిగా లేదు, కానీ మిగతా ఇంటికంటే శుభ్రంగా ఉంది. ఇప్పుడే తుడిచినట్టుంది. మెషీన్ వెనక గోడ అంచున పలక విరిగిన చోటు ఇంకా చెమ్మగా ఉంది. దాని పక్కనే కాపలా బిళ్ళ బుద్ధిగా కూర్చుని ఉంది. చేతిలోకి తీసుకుంది. ఏదో జారుతున్నట్టు అనిపించింది. గోరుతో గీరింది. సన్నటి ప్లాస్టిక్ పొర చిటపటమంది. మిగిలిన అన్నం గిన్నె మీద కప్పే పొర అది. బిళ్ళ చుట్టూ ముడత లేకుండా చుట్టి, అంచులు అడుగున నొక్కి, ఎంతో శ్రద్ధగా అతికించారు.

"అమ్మా, ఇదేమిటి?"

"మరి తడిస్తే పాడవదూ?" అంది మిసావో. "బోలెడు పోసి కొన్నావు. నేల మీద పెట్టావు. నేను రోజూ తుడుస్తానా, నీళ్ళు తగులుతాయని..."

హిరామత్సు నోరు తెరిచాడు. మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు.

"పెద్దమ్మగారూ, అది తడవడానికే పెట్టిందండీ."

"తడవడానికి వస్తువులు కొంటారా ఎవరైనా?"

ఈసారి ఇనాగకి దగ్గినట్టు చేసి నవ్వు మింగాడు. ఆ ఇంట్లో టీవీ రిమోట్‌కు ప్లాస్టిక్ పొర, అన్నం వండే కుక్కర్ మీటలకు ప్లాస్టిక్ పొర. తకుయా చిన్నప్పుడు వాడిన టెలిఫోన్‌కు కూడా పొర చుట్టి దాచింది మిసావో. నగిసా ఆ పొరలన్నీ రోజూ చూస్తూనే ఉంది. ఈ బిళ్ళ ఒక్కదాన్నే ఆమె వదిలేస్తుందని ఎలా అనుకుంది తను? "మా అమ్మ కూడా ఇంతేనండీ," అన్నాడు హిరామత్సు దిగులుగా. "ఇళ్ళల్లో బిగించేటప్పుడు ఆ ముక్క చెప్పి రావాలని మావాళ్ళకి ఎవరికీ తట్టలేదు."

సరే, బిళ్ళ ఎందుకు అరవలేదో తెలిసింది. మరి మీటరు?

నగిసా తొట్టె వైపు చూసింది. మెషీన్ వైపు చూసింది. మీటరుకు తెలిసేది పైపులోంచి కొత్తగా వచ్చే నీళ్ళ సంగతే. తొట్టెలో నీళ్ళు నిన్న సాయంత్రమే మీటరు దాటి ఇంట్లోకి వచ్చేశాయి. వాటికి ఇక కాపలా లేదు. అవి ఇంట్లో మనుషుల్లాగే ఎటైనా తిరగొచ్చు.

"గొట్టం," అంది నగిసా. "అమ్మా, ఆ గొట్టం నేను చెత్తలో పడేశాను కదా."

కుళాయికి బిగించేది కాదు, ఈ దేశంలో అందరి ఇళ్ళలోనూ ఉండే ఇంకో గొట్టం అది. ఒక కొసన చిన్న మోటారు. ఆ కొసను తొట్టెలో ముంచి, రెండోది మెషీన్‌లో పెట్టి మీట నొక్కితే స్నానాల నీళ్ళు బట్టలకు ఎక్కుతాయి. మొదటిసారి కారినప్పుడు హిరామత్సే చెప్పాడు, కొన్నాళ్ళు ఆ గొట్టం వాడకండి, కుళాయి నీళ్ళయితే మన పరికరం కనిపెట్టి ఉంటుంది అని.

"విరగని వస్తువు చెత్తలో వేస్తే నేను తెచ్చుకోకుండా ఉంటానా?" అంది మిసావో. గొంతులో రోషం ఉంది కానీ కళ్ళు నేల చూస్తున్నాయి.

"దాని కొస మెషీన్ అంచు మీంచి జారింది," అంది నగిసా. తనలో తను చెప్పుకుంటున్నట్టుంది. "జారి వెనక నేల మీద పడింది. తొట్టె ఎత్తున ఉంది, నేల కిందుంది. గొట్టం నిండా నీళ్ళున్నాయి. ఇక మోటారు ఆపినా ఆగవు. మీరు కసరత్తుకి వెళ్ళి వచ్చేలోగా తొట్టె మొత్తం తనంతట తనే ఖాళీ అయిపోయింది. చాలావరకు మెషీన్ కింది కాలవలోకి పోయినా, కొంచెం ఆ విరిగిన పలక సందున కిందికి దిగింది. కదా అమ్మా?"

హిరామత్సు నుదురు కొట్టుకున్నాడు. "మీటరు లెక్కలోకి రాని నీళ్ళు! మా కంపెనీలో ఈ సంగతి ఎవరూ అనుకోలేదండీ!" వాడి సంతోషం చూస్తే ఎవరింట్లోనో పెళ్ళి కుదిరినట్టుంది.

నగిసాకు కూడా క్షణంసేపు సంతోషం కలిగింది. చిక్కుముడి విడిపోయిన సంతోషం అది. ఆ వెంటనే అసలు సంగతి తట్టింది. తను విప్పింది అత్తగారి తప్పును. విన్నది ఇల్లుగలాయన. పరికరాలు అరవలేదు, నీళ్ళు దిగాయి, పందెం పోయింది. తన నోటితో తనే ఒసాకా రైలుకూ సప్పోరో విమానానికీ దారి చూపించింది. వాన నీళ్ళేనేమో అని ఒక్క మాట అనేసి కిందే ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది. ఆ పాడు ఆసక్తి ఒకటి, నోరు మూసుకోనివ్వదు.

"ఇనాగకి సాన్," అంది తడబడుతూ, "ఇది అమ్మ తప్పు కాదు. గొట్టం సంగతి నేను చూసుకోవాల్సింది..."

"నా తప్పే," అంది మిసావో. "ఒప్పుకున్నా. నన్నేమన్నా పడతా. అయిపోయింది కదా, ఇక టీ తాగండి. చల్లారిపోతోంది."

"గొట్టం ఒక్కసారి చూస్తానండీ," అన్నాడు హిరామత్సు. "మోటారు చెడిందో, కొసనుండే కొక్కెం విరిగిందో చూస్తే..."

"చూడక్కర్లేదు."

"లోపలే ఉన్నట్టుంది. మీరు కొంచెం జరిగితే..."

"జరగను."

నగిసా అత్తగారి మొహంలోకి చూసింది. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ ఆ మొహంలో కోపం చూసింది, వెక్కిరింత చూసింది, మావగారి ఫొటో ముందు పువ్వు పెట్టేటప్పుడు దిగులు చూసింది. భయం ఎప్పుడూ చూడలేదు. తప్పు ఒప్పేసుకున్నాక ఇంకా దేనికి భయం?

"అమ్మా, అసలు మెషీన్ ఎందుకు వేశారు ఇవాళ? మన బట్టలు నిన్ననే ఉతికాం కదా."

మిసావో చూపు టీ కప్పుల వైపు తిప్పుకుంది.

"కుళాయి నీళ్ళతో ఎందుకు వెయ్యలేదు? గొట్టం దొంగచాటుగా దాచి..." అంటూ నగిసా ఆగిపోయింది. కుళాయి తిప్పితే తన ఫోన్ మోగుతుంది. ఈ వేళప్పుడు మెషీన్ నడిచిందని తనకు తెలిసిపోతుంది. మిసావో నీళ్ళు మిగల్చడానికి గొట్టం పెట్టలేదు. మీటరుకు తెలియకూడదని పెట్టింది. మీటరుకంటే ముందు కోడలికి తెలియకూడదని పెట్టింది.

ఏం ఉతికింది ఈవిడ?

"వద్దులే, కోడలమ్మా."

ఆ మాటన్నది ఇనాగకి. నగిసా తన చెవులను తనే నమ్మలేదు. పొద్దుటినుంచీ వాళ్ళను ఇంట్లోంచి గెంటేస్తానన్న మనిషి ఇప్పుడు గుమ్మం వైపు అడుగులేస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

"ఒప్పుకుంది కదా. ఇక తవ్వడమెందుకు? చేపలకేం కాలేదు. అంచు కాగితం నేను మార్చుకుంటా. హిరామత్సు, పద నాయనా. మిసావో సాన్‌ని ఇబ్బంది పెట్టకు."

మిసావో సాన్. ఇన్నేళ్ళుగా మెట్ల మీద ఎదురుపడ్డా, అద్దె ఇచ్చినా, తిట్టినా ఆయన నోట వినిపించింది మినోబె సాన్ అన్న ఇంటిపేరే. ఈ ఊళ్ళో అరవై దాటిన మగవాడు పరాయి ఆడమనిషిని పేరు పెట్టి పిలవడం ఊరికే జరగదు. మిసావో కళ్ళు మూసుకుంది.

హిరామత్సు మంచి కుర్రాడే. కానీ వాడికి పైపుల్లో చప్పుళ్ళు తప్ప మనుషుల గొంతుల్లో మార్పులు వినిపించవు. పెద్దవాళ్ళు మొహాలు మాడ్చుకున్నారు, తన పని తను త్వరగా కానిచ్చేస్తే గొడవ వదులుతుందనుకున్నాడు. మిసావో భుజం పక్కనుంచి చెయ్యి చాపి మెషీన్ మూత ఎత్తేశాడు.

"ఇదిగోండి గొట్టం," అని లాగాడు.

గొట్టంతోపాటు దానికి చుట్టుకున్న బట్ట కూడా బయటికొచ్చింది. ముదురు నీలంరంగు పని ఆప్రాన్. మగవాళ్ళు నడుముకు కట్టుకునే రకం, మందపాటిది. నీళ్ళు ఓడుతూ వాడి చేతిలో తలకిందులుగా వేలాడింది. దాని మీద తెల్లటి పెద్ద అక్షరాల్లో దుకాణం పేరు అద్ది ఉంది. ఇనాగకి.

దాని కింద ఒక చొక్కా. దాని కింద మగవాళ్ళ మేజోళ్ళు, మడమ దగ్గర చిరిగినచోట మిసావో మాత్రమే వెయ్యగల సన్నటి కుట్టుతో బాగుచేసినవి.

బయట వాన పడుతోంది. నగిసాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, అన్నిటికంటే ఎక్కువగా ఎప్పటినుంచి అని అడగాలనిపించింది. కిందినుంచి ఆయన తిట్టడం, పైనుంచి ఈవిడ మూతి తిప్పడం, ఇన్నాళ్ళూ తను మధ్యలో నలిగిపోవడం. ఆ తిట్లలో సగం నటనా? ఈయన చేపల మీద పడ్డ నీళ్ళు ఈయన ఆప్రాన్ ఉతికిన నీళ్ళా?

హిరామత్సు ఆప్రాన్‌ను పిండి బకెట్ అంచు మీద పెట్టాడు. వాడికి ఇంకా ఒక పని మిగిలింది.

"పెద్దమ్మగారూ, ఒక్క మాట. మా పరికరానికి హామీ ఇంటి వాడకానికే. బయటివాళ్ళ బట్టలు ఉతికిపెడుతుంటే అది దుకాణం కింద లెక్క, హామీ ఉండదు. కంపెనీలో అడుగుతారు. ఈ బట్టలు ఇంటివా, బయటివాళ్ళవా?"

ఇనాగకి నోరు తెరిచాడు. "బయట..."

"ఇంటివే," అంది మిసావో.

"కానీ దీని మీద ఇనాగకి అని..."

"నాకూ చదువొచ్చు నాయనా. ఇంటి మనిషి బట్టలే అంటున్నాను. అదే చెప్పు మీవాళ్ళకి."

మెషీన్ దగ్గర్నుంచి జరిగి, చేతులను ఒకదాంట్లో ఒకటి ఇరికించుకుని నిటారుగా నిలబడింది మిసావో. నగిసా ఆమె వైపు రెండడుగులు వేసి ఆగింది. ఎందుకంటే ఇనాగకి మోకాళ్ళు వంచుతున్నాడు. గొట్టంలోంచి కారిన నీళ్ళు నేలంతా పరుచుకున్నాయి. ఆయన ఆ తడిలోనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు అరచేతులూ నేల మీద ఆనించాడు. నెరిసిన తల చేతుల దాకా వంగింది. మగవాడు ఇలా వంగేది రెండు సందర్భాల్లోనే. క్షమించమని అడగడానికి, లేదా పిల్లనివ్వమని అడగడానికి.

ఈ ఇంట్లో ఉండనివ్వమని ఈ మనిషి కాళ్ళు పట్టుకోడానికైనా సిద్ధపడి మెట్లెక్కింది నగిసా. ఇప్పుడాయన ఆమె కాళ్ళ ముందున్నాడు.

"నగిసా సాన్," అన్నాడు ఇనాగకి, తల ఎత్తకుండానే. కోడలమ్మా అనలేదు. "తకుయా ఊళ్ళో లేడు. ఈ ఇంటికి ఇప్పుడు పెద్ద మీరే. అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను."